కాంపౌండరు గారి కారు

మీ వయసు వాళ్ళకి ప్యాకింగ్ అంటే అట్టపెట్టెలో సామాను సర్ది టేపు అంటించడం. మా రోజుల్లో, మా షెడ్ల వీధిలో, ప్యాకింగ్ అంటే ఇంజన్‌లో రెండు లోహపు ముక్కలు కలిసేచోట మధ్యలో పెట్టే పల్చటి అట్ట. అది సరిగ్గా కూర్చుంటే లోపలి ఆయిలు లోపలే ఉంటుంది. కూర్చోకపోతే బయటికొచ్చి యజమాని ప్యాంటు మీద, వాకిట్లో గచ్చు మీద, ఒక్కోసారి ఆలుమగల మధ్య కూడా పడుతుంది. చీరాలలో రైల్వే గేటుకి కాస్త ఇవతల, ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన పని ఆ అట్టలు కొయ్యడమే.

అది కొయ్యడానికి కత్తెర వాడేవాణ్ణి కాదు. అట్టని నేరుగా ఇంజన్ మూత మీద పరిచి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో అంచు వెంబడి టక్‌టక్‌మని కొట్టుకుంటూ పోతే ఆ అంచే అట్టని కోసేస్తుంది. బోల్టు కన్నం మీద బేరింగు గోళీ పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గుండ్రంగా చిల్లు పడుతుంది. లారీలు, ట్రాక్టర్లు, మిరపచేలకి నీళ్ళు తోడే ఆయిలింజన్లు, పత్తి మిల్లుల మోటార్లు, అన్నిటి మూతలూ నా బల్ల మీదికి వచ్చేవి. "నేను కోసిన ప్యాకింగ్ కారదు" అని రోజుకి నాలుగుసార్లు పైకే అనేవాణ్ణి. ఆ గర్వం ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినందుకు నాకు బాధేమీ లేదు కనక హాయిగా చెప్పగలను.

నా షాపు పక్కనే మేస్త్రి షెడ్డు. మోటారు సైకిళ్ళ పనిలో మా వీధికంతటికీ పెద్ద చెయ్యి ఆయనది. వాళ్ళది ముస్లిం కుటుంబం, మూడు తరాలుగా చీరాలలోనే ఉన్నారు. ఆయన నన్ను బావా అనేవాడు, నేనూ ఆయన్ని బావా అనేవాణ్ణి. ఎవరి చెల్లెల్ని ఎవరు చేసుకున్నారని అడిగినవాళ్ళ చేత మా ఇద్దరికీ టీ ఇప్పించేవాళ్ళం.

ఇక కాంపౌండరు గారు. పశువుల ఆసుపత్రిలో పనిచేసి, పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ మోటారు సైకిలు మీద తిరిగిన మనిషి. ఆ బండి ఎప్పుడో ఒక పొగాకు దొర ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నది. చేతులు మారి ఈయన దగ్గరికొచ్చింది. నల్లరేగడి దారుల్లో అది డబడబలాడుతూ వస్తుంటే అరమైలు ముందే గేదెలు చెవులు నిక్కించేవట. అంత ఠీవిగల బండికి ఉన్న ఒకే ఒక్క జబ్బు, కారడం. ఆగినచోటల్లా కింద ఆయిలు మడుగు కట్టేది. ఊళ్ళో జనం ఊరుకుంటారా? "కాంపౌండరు గారికి కారుందిరోయ్" అనేవాళ్ళు. "ఏ కారు?" అని తెలియనివాళ్ళు అడిగితే, "అదే, ఆగకుండా కారు" అని నవ్వేవాళ్ళు. మా ప్రాంతంలో కూరలో కారానికి ఎంత మర్యాదో, ఇంజన్ కారడానికి అంత అమర్యాద.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆయన రిటైరైన రెండో ఏడు, మాఘమాసంలో ఒక పొద్దున బండిని తోసుకుంటూ మా వీధికొచ్చారు.

"మేస్త్రీ, దీన్ని ఇప్పుడే ఓడ దిగిన బండిలా చెయ్యాలయ్యా," అన్నారు.

"రంగేగా, వేయిద్దాంలెండి," అన్నాడు మేస్త్రి.

"రంగు సంగతి తర్వాత. ఒక్క చుక్క కారకూడదు. ఫాల్గుణంలో నాకు షష్టిపూర్తి. మధుపర్కాల చీర కట్టుకున్న మా ఆవిణ్ణి దీని మీద ఎక్కించుకోవాలి."

మేమిద్దరం నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాం. ఆయన నా బల్ల మీదే కూర్చుని అసలు సంగతి చెప్పారు. వాళ్ళావిడ పుట్టిల్లు వేటపాలెంలో మగ్గాల ఇల్లు. పెళ్ళికి మధుపర్కాలు బజార్లో కొనకుండా వాళ్ళ నాన్నే స్వయంగా నేశాడు. తెల్లటి చీర, ఎర్రంచు. పెళ్ళయిన మర్నాడు కుర్రతనం కొద్దీ ఈయన కొత్తపెళ్ళికూతుర్ని ఆ చీరతోనే బండి వెనక కూర్చోబెట్టుకుని చీరాల తీసుకొచ్చారు. దిగి చూసుకుంటే ఎడమవైపు అంచు నుంచి మోకాలి దాకా నల్లటి ఆయిలు మరకలు వరసగా పడి ఉన్నాయి.

"మా మామగారు చూశాడయ్యా. ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు," అన్నారు.

కొన్నాళ్ళకి బండి ఒక్కచోట కాదు, అన్నిచోట్లా కారడం మొదలైంది. కాలు పెట్టే కడ్డీ మీద కూడా ఆయిలే. అప్పుడావిడ ఒట్టు పెట్టుకుంది, ఇది కారడం మానేసిన రోజునే మళ్ళీ ఎక్కుతానని. ముప్పయ్యేళ్ళయినా ఎక్కలేదు. ఏ పెళ్ళికి వెళ్ళినా ఈయన ముందు బండి మీద, ఆవిడ వెనక రిక్షాలో. రిక్షాలు పోయి ఆటోలు వచ్చాయి గానీ వరస మారలేదు. ఇప్పుడు వాళ్ళ బావమరిది ఆ పాత మగ్గం మీదే షష్టిపూర్తికి మళ్ళీ అలాంటి చీరే నేస్తున్నాడట.

"ఈసారి దానికి మరక పడితే నేను మళ్ళీ ఈ బండి ఎక్కనయ్యా. అమ్మేస్తాను," అన్నారు కాంపౌండరు గారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే నోరు జారాను.

"ఆ పూచీ నాదండి. నేను కోసిన ప్యాకింగ్ కారదు," అన్నాను.

అప్పటిదాకా ఆ బండికి పాతికేళ్ళుగా ప్యాకింగులు కోసింది నేనే అన్న సంగతి ఆ ఊపులో గుర్తు రాలేదు.

మేస్త్రి ఇంజన్‌ని నట్టు నట్టూ విప్పేశాడు. ట్యాంకుకి నల్లరంగు, దాని మీద సన్నటి బంగారు గీత వేయించాడు. నేను రెండు రోజులు ఇంకే పనీ ముట్టుకోకుండా పదకొండు ప్యాకింగులు కోశాను. నా జీవితంలో అంత శుభ్రమైన పని చెయ్యలేదు. బిగించేటప్పుడు ఇంజన్ కడుపు కింద ఎడమవైపు చిటికెన వేలంత గొట్టం ఒకటి కనిపించింది. దాని చివర నల్లగా గడ్డకట్టి ఉంది.

"ఇదేంటి బావా?" అన్నాను.

మేస్త్రి తల కార్బురేటర్లో ఉంది. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లు ఆయన చేతికీ రెండో మూడో వచ్చి ఉంటాయి. "ఏదో పాత గొట్టంలే. మూసుకుపోయే ఉందిగా," అన్నాడు.

ఉంటే మాత్రం, రేపెప్పుడైనా అక్కడ్నుంచి కారితే? నేను రబ్బరు కోసి ముచ్చటైన టోపీ ఒకటి చేసి, దానికి తొడిగి, చుట్టూ క్లిప్పు బిగించాను. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను కూడా.

మొదటిసారి స్టార్టు చేసిన రోజు బండి కింద దినపత్రిక పరిచాం. పది నిమిషాలు తిరిగేసరికి పేపరు మీద మొదటి చుక్క పడింది. దాని పక్కన రెండోది. అరగంటకి పేపర్లో వార్తలేవీ చదవడానికి వీల్లేకుండా పోయాయి.

"నీ ప్యాకింగే బావా," అన్నాడు మేస్త్రి.

"నీ బిగింపు బావా," అన్నాను నేను.

మళ్ళీ విప్పి మందపాటి అట్టతో కోశాను. ఇంకా ఎక్కువ కారింది. మూడోసారి మేస్త్రి అతుకులన్నిటికీ గట్టిపడే పేస్టు పూశాడు. దాంతో అంతకుముందెప్పుడూ కారని చోట్ల కూడా కారడం మొదలుపెట్టింది. ఇక్కడ మూస్తే అక్కడ, అక్కడ మూస్తే ఇంకోచోట. మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఆయన నన్ను అట్టలోడా అన్నాడు. నేను ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. పక్కపక్క షాపుల్లో ఉండి మాట్లాడుకోకుండా ఉండటం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. టీ కూడా ఎవరికి వాళ్ళం విడిగా చెప్పుకునేవాళ్ళం. ఆ నాలుగు రోజులూ టీ రుచిగా లేదు.

షష్టిపూర్తికి ఎనిమిది రోజులుందనగా షెడ్డు ముందు ఆటో ఆగింది. కాంపౌండరు గారి భార్య దిగింది. ఆయన పర్చూరు వైపు పిలుపులకి వెళ్ళారట. చేతిలో గుడ్డసంచి, అందులో కొత్తగా మగ్గం దిగిన చీర. బండిని చూడ్డానికొచ్చింది.

"ఏంటన్నయ్యగారూ, ఆయనకి అన్నం సయించట్లేదు. అసలిది బాగవుద్దా, అవదా? అవకపోతే ఇప్పుడే చెప్పేయండి, నేనే ఏదో వంక చెప్పి నడిచెళ్తాను. ఆయన్ని మాత్రం అందరి ముందూ నవ్వులపాలు చెయ్యొద్దు," అంది.

ఇన్నాళ్ళూ నేను ఆవిణ్ణి పట్టుదల మనిషనే అనుకున్నాను. ఆవిడ ఆయన పరువు కోసం వచ్చిందని తెలిశాక నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"ఎక్కడ కారుతుందో అంతు చిక్కట్లేదు చెల్లెమ్మా. చూస్తే అంతా తడే," అన్నాడు మేస్త్రి.

"మరి పిండి చల్లి చూశారా? మా ఇంట్లో నూనె డబ్బా కారితే నేను తుడిచి, పొడిపిండి చల్లుతాను. ముందు ఎక్కడ తడుస్తుందో అక్కడే చిల్లు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాట్లాడుకోవడం లేదని మర్చిపోయాం కూడా. మేస్త్రి పరిగెత్తి కొట్లో ముగ్గుపిండి పొట్లం తెచ్చాడు. ఇంజన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, తెల్లగా పిండి చల్లాం. స్టార్టు చేసి ముగ్గురం వంగి చూస్తున్నాం. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత పైన ఒక అతుకు దగ్గర తడి గీత, కింద ఇంకోటి, పక్కన ఇంకోటి. ఏడు చోట్ల దాదాపు ఒకేసారి. ఒకచోట కారితే ఒక ప్యాకింగ్ తప్పు. ఏడుచోట్లా కారితే నా బతుకంతా తప్పేనా అని నీరసమొచ్చేసింది.

ఆవిడ మాత్రం ఎడమవైపు వంగి ఇంకేదో వెతుకుతోంది.

"ఇదేంటి, టోపీ పెట్టారు? ఇక్కడ గొట్టముండాలే. నా పెళ్లిచీర పాడుచేసిన మాయదారి గొట్టం."

"అదే చెల్లెమ్మా, దాన్ని నేనే మూశాను," అన్నాను, చెప్పుకోవడానికి ఆ ఒక్కటైనా దొరికిందని.

"మీరు మూసేదేంటన్నయ్యా! ముప్పయ్యేళ్ళ కిందటే నేను మూశాగా!"

మేస్త్రి చెయ్యి చాచి ఇంజన్ ఆపేశాడు.

ఆవిడ చెప్పుకుపోతోంది. పెళ్ళయిన ఏడు శ్రావణమాసంలో ఈయన గుడికి తీసుకెళ్తుంటే ఆ గొట్టం మళ్ళీ చీర మీద చిమ్మిందట. ఇంటికొచ్చాక, ఆయన స్నానానికి వెళ్ళిన సమయం చూసి, దీపానికి ఒత్తులు చేసుకునే దూది తెచ్చి, చీపురుపుల్లతో పొడిచి పొడిచి లోపలికంటా కుక్కేసిందట.

"ఆ తర్వాత చూడండి, ఒక్క చుక్క చిమ్మలేదు. కానీ ఏం లాభం? ఆ నెల నుంచే ఈ బండి ఒళ్ళంతా కారడం పట్టుకుంది," అంది.

మేస్త్రి నా రబ్బరు టోపీ పీకేశాడు. చక్రం కడ్డీ ఒకటి కొక్కెంలా వంచి గొట్టంలో పెట్టి మెల్లగా లాగాడు. వేలెడు పొడుగున నల్లటి ముద్ద, రాయిలా గట్టిపడింది, బయటికొచ్చింది. మళ్ళీ పిండి చల్లి బండి స్టార్టు చేశాడు. గొట్టంలోంచి "ఉఫ్, ఉఫ్" మని గాలి వచ్చింది. పావుగంట తిరిగినా ముగ్గుపిండి మీద తడి లేదు.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఇంజన్ లోపల పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా అక్కడి గాలి బయటికి పోవాలి. అందుకే దాన్ని తయారుచేసినవాడు ఆ గొట్టం పెట్టాడు. దాన్ని మూసేస్తే గాలి ఊరుకోదు, ప్యాకింగులన్నిట్నీ తోసుకుని పోతుంది, పోతూ ఆయిలుని వెంటబెట్టుకుపోతుంది. నేను ఎంత మందంగా కోస్తే అది అంత గట్టిగా తోసింది. బతుకంతా సందులు మూసినవాడికి కన్నం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పనిలో కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: కన్నం ఎందుకుందో కనుక్కోకుండా మూయకండి.

ఆవిడ ఆ నల్లటి ముద్ద వైపే చూస్తోంది.

"అంటే ఇన్నాళ్ళూ కారింది నా వల్లేనా?" అంది చిన్నగా. తర్వాత నా వైపు తిరిగింది. "అన్నయ్యా, ఆయనకి చెప్పొద్దు. ఈ బండిని ఎంత తిట్టానో ఆయన్ని అంతకి పదింతలు తిట్టాను. ఈ శుభకార్యం అయ్యేదాకా చెప్పొద్దు."

"చెప్పంలే చెల్లెమ్మా," అన్నాను. మాటిచ్చాక గానీ దాని బరువు తెలిసిరాలేదు.

గొట్టానికి పొడుగాటి పెట్రోలు పైపు తొడిగి, కుడివైపుకి మళ్ళించి, వెనక నంబరు ప్లేటు కిందిదాకా తీసుకెళ్ళాం. మర్నాడు కాంపౌండరు గారు వచ్చారు. బండి అరగంట తిరిగింది. కింద పరిచిన పేపరు తెల్లగానే ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఇంజన్ అడుగున వేలితో తడిమి, వేలు చూసుకున్నారు. నమ్మకం కుదరక ఇంకో వేలితో తడిమారు.

"ఏం చేశారయ్యా?" అన్నారు.

"గాలి బయటికి పోయే దారి మూసుకుపోయిందండి. లోపలే ఉబ్బిపోయింది," అన్నాడు మేస్త్రి.

"ఉబ్బరం!" అని ఆయన లేచి నుంచున్నారు. "వందల గేదెలకి డొక్కలో సూది గుచ్చి గాలి తీశానయ్యా. ఇంట్లోదానికి ఉబ్బరమని కనిపెట్టలేకపోయానే! ఎవరు మూశారు ఆ దారిని?"

మేస్త్రి నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"నేనేనండి. టోపీ పెట్టాను," అన్నాను. అది నిజమే కనక సులువుగానే వచ్చింది.

"మరి ఇంతకుముందో?"

ఇది అంత సులువుగా రాలేదు. "ఇంతకుముందు ప్యాకింగులు సరిగా లేవండి. అవీ నేను కోసినవేగా," అన్నాను.

ఆయన నా భుజం తట్టారు. "పోన్లేవయ్యా, పొరపాటు ఎవరికైనా వస్తుంది," అన్నారు ఎంతో దయగా. ఆ దయతోనే చీరాల అంతా చెప్పుకుంటూ వెళ్ళారు. వారం రోజులు నాకు వీధిలో నడవడానికి లేకపోయింది. "ఏం ప్యాకింగూ, కాంపౌండరు గారి బండిని పాతికేళ్ళు కార్పించావంట?" అని లారీ డ్రైవర్లు ఆపి మరీ అడిగేవాళ్ళు. పర్చూరు రైతు ఒకాయన నేను కోసిన ప్యాకింగుని వెలుతురుకి ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. మేస్త్రి ఇదంతా చూస్తూ షెడ్డు వెనక్కి పోయి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. కాసేపటికి నాకూ నవ్వొచ్చేది. మాట దాచడంలో ఇంత సరదా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. మా ఇద్దరి టీలూ మళ్ళీ ఒక్క కేకతో వచ్చేవి.

షష్టిపూర్తి రోజు ఎండ బాగా కాసింది. కల్యాణమండపం ముందు బండికి బంతిపూల దండ వేసి నిలబెట్టాం. క్రతువు ముగిసింది. ఇద్దరూ మధుపర్కాలతో బయటికొచ్చారు. ఆవిడ బండి ముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెంగు నడుముకి దోపుకుని, భర్త భుజం మీద చెయ్యి వేసి, ఎక్కి కూర్చుంది. చుట్టాలందరూ ఈలలు, చప్పట్లు. బండి డబడబమంటూ గడియార స్తంభం వైపు వెళ్ళింది. అక్కడ తిరిగి రావాలి, అంతే. ఆ పది నిమిషాలూ నేను, మేస్త్రి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం. ఆయన చెయ్యి చెమటతో తడిసింది. నా చెయ్యీ అంతే.

తిరిగొచ్చారు. ఆవిడ దిగీ దిగగానే చీర నేసిన తమ్ముడు గబగబా వచ్చి నేల మీద కూర్చున్నాడు. మగ్గం మీద బట్టలో తప్పు వెతికినట్టే అంచు మొత్తం వేళ్ళ మధ్య జరుపుతూ చూశాడు. ఎడమవైపు రెండుసార్లు చూశాడు. తర్వాత తలెత్తి, "తెల్లగా ఉందక్కా," అన్నాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. దుమ్ము పడిందని ఎవరికో చెప్పాను కూడా.

కాంపౌండరు గారు పట్టరాని సంతోషంతో కండువా ఒకటి తెచ్చి నా భుజాల మీద కప్పారు. "చూడండయ్యా, ఈయన చేసిన తప్పువల్ల మా బండి ఇన్నేళ్ళు కారింది. అయినా చివరికి ఈయనే ఒప్పుకుని బాగుచేశాడు. అదీ పెద్దమనిషి తరహా," అని అందరికీ వినపడేలా అన్నారు. జనం నవ్వారు. నేనూ తలూపి నవ్వాను.

"ఆగండి," అంది ఆవిడ.

జనం ఆగారు.

"ఆయన తప్పేం లేదు. ఆ గొట్టంలో దూది కుక్కింది నేను. మన పెళ్ళయిన శ్రావణంలో. మీరు స్నానం చేస్తుంటే. ఇన్నాళ్ళూ కారింది దానివల్ల. నా మాట కోసం ఆ అన్నయ్య నింద నెత్తినేసుకున్నాడు."

లోపల వడ్డన చేస్తున్నవాళ్ళు కూడా గరిటెలతో గుమ్మంలోకి వచ్చారు. కాంపౌండరు గారు భార్యని చూశారు, బండిని చూశారు, నన్ను చూశారు. కోపం వస్తుందో ఏడుపు వస్తుందో మాకు తెలియలేదు. చివరికి వచ్చింది నవ్వు. పొట్ట పట్టుకుని, బండి సీటు మీద చెయ్యి ఆనించుకుని నవ్వారు.

"ముప్పయ్యేళ్ళు! నాకు బండి చూసుకోవడం రాదని ముప్పయ్యేళ్ళు తిట్టావు కదే నన్ను! ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకో. ఇప్పుడే, ఇక్కడే తీసుకో!"

ఆవిడ మళ్ళీ చెంగు దోపుకుంది. వెళ్ళి బండి మీద వెనక కూర్చుని, తెల్లచీర అంచు ఒకసారి సర్దుకుంది.

"బండి తియ్యండి. దారిలో తీసుకుంటాను," అంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి మూడో బంతి భోజనాలు కూడా అయిపోయాయి. మరి తిట్లు ముప్పయ్యేళ్ళవి.